జీతమిచ్చే రగ్బీ, జీతం పోయే రగ్బీ

మా జట్టు ప్రాక్టీసు టైమ్‌టేబుల్ నేను వేసేది కాదు. కొంత స్టీల్ ప్లాంటు షిఫ్టు చార్టు వేస్తుంది, కొంత ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) సెమిస్టర్ పరీక్షలు వేస్తాయి, కొంత నేవీ షిప్పులు. మిగిలింది సముద్రం వేస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులూ బోట్లు ఫిషింగ్ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి. పెదజాలరిపేట కుర్రాళ్ళు నాకు పూర్తిగా దొరికేది అప్పుడే. విశాఖలో ఎండా ఉక్కపోతా కలిసి మనిషిని ఉడకబెట్టేదీ అప్పుడే. తీరా వాళ్ళు ఆటలో పడేసరికి జూన్ మధ్యకి వస్తాం, మా మంచి రన్నర్లందరూ వలలు సర్దుకుని వెళ్ళిపోతారు.

ఇలాంటి జట్టుతో కొన్నేళ్ళు వేగాక, ముంబైలో ఒక ప్రొఫెషనల్ జట్టు క్యాంపులో సహాయకుడిగా పనిచేసే అవకాశం వచ్చింది. పెద్ద హోదా ఏమీ కాదు. కోన్లు పెట్టడం, వీడియో క్లిప్పులు కట్ చేయడం, హెడ్ కోచ్ చెప్పింది మన కుర్రాళ్ళకు హిందీలో అందించడం. అక్కడ కొన్నాళ్ళుండి మళ్ళీ ఇక్కడికి వచ్చి పడ్డాను. ఆ క్యాంపు గురించి ఇక్కడ చాలామంది అడుగుతుంటారు, ముఖ్యంగా "ప్రొఫెషనల్ టీమ్ అయితే కోచ్‌కి హాయి కదా సార్?" అని. హాయి ఎక్కడుందో, ఎక్కడ లేదో రాద్దామని ఇది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేం ఆడేది సెవెన్స్ రగ్బీ. జట్టుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు భాగాలు, గ్రౌండ్ మాత్రం జట్టుకు పదిహేనుమంది ఆడేంతది. బంతి పట్టుకుని ఎంతైనా పరుగెత్తొచ్చు కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై, అయిదు పాయింట్లు. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పద్నాలుగు నిమిషాలేనా అనుకుంటారు గానీ, ఆడినవాడు ఆ మాట అనడు.

మాకు ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్ ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. క్రికెట్ వాళ్ళు తెల్లారకముందే వికెట్లు పాతేస్తారు, వాళ్ళతో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అందుకని ఎక్కువగా బీచ్‌లోనే. కురుసురా సబ్‌మెరైన్ దాటాక ఇసుక కాస్త వెడల్పుగా ఉన్నచోట తాళ్ళు పరిచి గీతలు అనుకుంటాం. సముద్రం ముందుకొచ్చిన నెలల్లో ఆ చోటూ సగమైపోతుంది. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయనలు ఆగి చూసి "ఇది అమెరికా వాళ్ళ ఆట కదూ" అని వెళ్తారు. కాదని చెప్పడం మానేశాం.

ఇసుక వల్ల ఒక లాభం ఉంది, ఒక నష్టం ఉంది. కొత్తగా వచ్చినవాడికి పడడం నేర్పాలంటే ఇసుకను మించింది లేదు. భయం రెండు మూడు రోజుల్లో పోతుంది. కానీ ఇసుకలో ఎవడూ పూర్తి స్పీడులో రాడు. అక్కడ ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి కింద పడేయడం) బాగా చేసేవాడు పచ్చికమీదికి వెళ్ళేసరికి ఎదుటివాడు అనుకున్నదానికంటే అర సెకను ముందే మీద పడతాడు. తల తప్పించాల్సిన వైపు తప్పించేలోపే మోకాలు తగులుతుంది. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కబడ్డీ కుర్రాళ్ళు. ఉత్తరాంధ్రలో కబడ్డీ ఆడని ఊరు లేదు కాబట్టి అది సహజమే. ట్యాకిల్‌కి భయపడరు, నడుం కింద పట్టడం పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. తంటా అంతా పట్టుకున్న తర్వాతే. కబడ్డీలో రైడర్ కూత ఆగేదాకా పట్టు వదలకూడదు. రగ్బీలో మనిషిని కింద పడేసిన మరుక్షణం వదిలేయాలి, పక్కకు దొర్లిపోవాలి, లేచి నిలబడ్డాకే మళ్ళీ బంతిమీద చెయ్యి వేయాలి. వదలకపోతే పెనాల్టీ. గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడికి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. యాంకిల్ హోల్డ్‌లో మొనగాడు. పడేసి, కాలు గుండెలకు హత్తుకుని, విజిల్ వేసినా వదలడు.

"పట్టుకున్నోణ్ని వదిలీడమేటి మాస్టారూ? పారిపోడా?" అన్నాడు.

పారిపోడురా, బంతి వదలాల్సింది వాడు కూడా అని చెబితే నమ్మలేదు. చివరికి చెప్పడం మానేసి ఒక డ్రిల్ పెట్టాను. ట్యాకిల్ చేసినవాడు లేచి, ఒక మీటరు వెనక పెట్టిన కోన్ ముట్టుకుని వచ్చి బంతి అందుకోవాలి. కోన్ ముట్టుకోవాలంటే కాలు వదలక తప్పదు కదా. నియమంగా చెబితే ఎక్కనిది పందెంగా పెడితే ఎక్కింది. ఇప్పుడు మా జట్టులో కిందపడ్డ బంతి దగ్గరికి అందరికంటే ముందు చేరేది అతనే.

అమెచ్యూర్ జట్టులో ఇలాంటి నేర్పుడు సుఖమైన భాగం. అసలు పని మనుషుల్ని గ్రౌండ్‌కి రప్పించడం. సెవెన్స్‌కి పన్నెండుమంది స్క్వాడ్ ఉండాలి. మాకు పేరుకి ఇరవైమంది దాకా ఉంటారు, ప్రాక్టీసుకి ఎనిమిదిమంది వస్తే ఆ రోజు పండగ. 'ఎ' షిఫ్టు వాడు పొద్దున్న ఆరుకల్లా స్టీల్ ప్లాంటులో ఉండాలి, వాడికి పొద్దుటి ప్రాక్టీసు లేదు. బి షిఫ్టు వాడికి సాయంత్రం లేదు. సి షిఫ్టు వాడు రాత్రంతా మేలుకుని ఆరింటికి బయటపడి, ఉక్కునగరం నుంచి బండిమీద తిన్నగా బీచ్‌కి వస్తాడు. వచ్చాడని మెచ్చుకోవాలా, ఇంటికెళ్ళి పడుకో అని పంపాలా? నేవీ కుర్రాడు ఒకడున్నాడు. సెయిలింగ్ ఉంటే ఎప్పుడొస్తాడో చెప్పడు, మనం అడగకూడదు కూడా. వాట్సాప్‌లో ఒక టిక్కే ఉంటే సముద్రంలో ఉన్నాడని అర్థం. ఇక సంక్రాంతి వచ్చిందంటే కబడ్డీ కుర్రాళ్ళందరూ ఊళ్ళ టోర్నమెంట్లకి వెళ్ళిపోతారు. అక్కడ ప్రైజ్ మనీ ఉంటుంది. మా దగ్గర అరటిపండ్లు ఉంటాయి.

దీంట్లోంచి పుట్టేదే అమెచ్యూర్ కోచ్‌కి అన్నిటికంటే పెద్ద టెన్షన్. రోజూ వచ్చే మామూలు ఆటగాణ్ని ఆడించాలా, మ్యాచ్‌కి మాత్రమే దిగే మంచి ఆటగాణ్ని ఆడించాలా? పుస్తకాల్లో రోజూ వచ్చేవాడికే చోటివ్వాలని రాస్తారు. కానీ మ్యాచ్‌కి మాత్రమే వచ్చేవాడు రాకపోవడానికి బద్ధకం కారణం కాదు. పరవాడ ఫార్మాలో వరసగా డ్యూటీలు పడ్డాయి. వాణ్ని బెంచ్ మీద కూర్చోబెడితే నేను శిక్షిస్తున్నది వాడి ఉద్యోగాన్ని. ఆడిస్తే, ఎండలో ప్రతిరోజూ ఇసుక తిన్నవాడు చూస్తూ కూర్చోవాలి. నేను ఇద్దరినీ పిలిచి, ఎదురెదురుగానే మాట్లాడి, సగం సగం ఆడిస్తాను. గెలుపు దృష్టిలో అది మంచి కోచింగ్ కాదని నాకు తెలుసు. మాలాంటి జట్టు మరుసటి నెల కూడా ఉండాలంటే మాత్రం అదే దారి. ఇక్కడ జట్టులోంచి తీసేసినవాడు బెంచ్ మీద ఉండడు, మరుసటి రోజు నుంచి రాడు.

ముంబైలో మొదట నన్ను తికమకపెట్టింది ఈ విషయమే. అక్కడ అందరూ వస్తారు. మీటింగ్ ఎనిమిదింటికంటే ఏడూ యాభై అయిదుకు కుర్చీలన్నీ నిండి ఉంటాయి. ఎవరూ ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు. నా రోజులో అప్పటిదాకా సగం తినేసిన పని ఒక్కసారిగా మాయమైంది.

2025లో మన దేశంలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది కదా. ఆరు ఫ్రాంచైజీలు, అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మ్యాచ్‌లు, ఒలింపిక్స్ ఆడిన విదేశీయుల పక్కన మన కుర్రాళ్ళు. ఏడేసి నిమిషాల రెండు భాగాలకు బదులు నాలుగేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు పెట్టారు. ఫస్ట్ సీజన్ మొదలైన తేదీ జూన్ 15. అంటే మా బోట్లు వేటకు బయల్దేరే రోజే. మా కుర్రాళ్ళు ఇప్పటికీ ఆ తేదీ తలుచుకుని నవ్వుకుంటారు.

క్యాంపులో పొద్దున్న లేవగానే ప్రతి ఆటగాడూ ఫోన్‌లో ఒక ఫారం నింపాలి. ఎంతసేపు నిద్రపోయావు, ఎక్కడ నొప్పి, ఒత్తిడి ఎంత, ఉత్సాహం ఎంత. తర్వాత బరువు చూస్తారు. ప్రాక్టీసు అయ్యాక మళ్ళీ చూస్తారు, తగ్గినదాన్నిబట్టి ఎంత నీళ్ళు తాగాలో చెబుతారు. భుజాల మధ్య జీపీఎస్ పెట్టే చిన్న బనీను వేసుకుని దిగుతారు. ఎవడు ఎంత దూరం పరుగెత్తాడు, ఎంత స్పీడుతో, ఎన్నిసార్లు, అన్నీ లాప్‌టాప్‌లో పడతాయి. నేను అబ్బురపడింది వీటికి కాదు. గ్రౌండ్‌లో గడిపే టైమ్ ఎంత తక్కువో చూసి. గంట కూడా ఉండదు. అందులో ఒకరినొకరు నిజంగా గుద్దుకునే భాగం ఇంకా తక్కువ. 2021లో ప్రపంచమంతటా ఈ ఆటను నడిపే వరల్డ్ రగ్బీ సంస్థ, ఆటగాళ్ళ సంఘం కలిసి ప్రొఫెషనల్ జట్లకు ఒక మార్గదర్శకం ఇచ్చాయి. ఫుల్ కాంటాక్ట్ ట్రైనింగ్ వారానికి 15 నిమిషాలు దాటకూడదు అని. వారానికి, రోజుకు కాదు. ఆ పావుగంటనీ స్టాప్‌వాచ్ పెట్టి కొలిచేవాళ్ళు. ట్యాకిల్ అంటే బతుకుదెరువు అయినవాళ్ళు దాన్ని అంత పొదుపుగా వాడుకుంటున్నారు. ట్యాకిల్‌తో రూపాయి రాని మా కుర్రాళ్ళు బీచ్‌లో పొద్దున్నంతా ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటారు, సరదాకి.

అయితే హాయి అక్కడితో సరి. ప్రొఫెషనల్ కోచ్ దగ్గర ఆటగాడి టైమ్ ఉంటుంది, నమ్మకం ఉండదు. క్యాంపు మొదలైన రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో చాలామంది ఒకరితో ఒకరు ఎప్పుడూ ఆడలేదు. వేరే వేరే దేశాలు, వేరే వేరే అలవాట్లు. డిఫెన్స్ లైన్‌లో పక్కవాడు ముందుకు దూకుతాడా, పక్కకు జారతాడా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకం. కొద్ది రోజుల్లో టోర్నమెంట్. హెడ్ కోచ్ చేసిన పని ఏమిటంటే, చెప్పదలుచుకున్నవన్నీ పక్కన పెట్టి ఒక సెషన్‌కి ఒకే ఒక్క మాట పట్టుకోవడం. ఒక రోజంతా "లేచి నిలబడు" తప్ప ఇంకేం అనలేదాయన. పాస్ తప్పినా, క్యాచ్ వదిలేసినా పట్టించుకోలేదు. నేలమీద పడ్డవాడు ఎంత త్వరగా లేచాడు, అంతే. నాకు నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను.

మన కుర్రాళ్ళతో ఇంకో చిక్కు. మీటింగ్‌లో కోచ్ "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. బయటికొచ్చాక నా దగ్గరికొచ్చి "సార్ ఏమన్నారు?" అంటారు. భాష ఒక్కటే కాదు కారణం. ఒలింపిక్స్ ఆడినవాడు పక్కన కూర్చుని ఉంటే నాకు అర్థం కాలేదని ఎవడు చెయ్యెత్తుతాడు? ఇది గమనించి హెడ్ కోచ్ పద్ధతి మార్చాడు. చెప్పడం మానేసి వీడియో క్లిప్ పెట్టి, మధ్యలో ఆపి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావ్?" అని పేరు పెట్టి అడిగేవాడు. జవాబు హిందీలో చెప్పినా సరే. రెండో వారానికి మనవాళ్ళు స్టార్ ఆటగాళ్ళని కూడా "నువ్వు అక్కడ ఆగకుండా ఉండాల్సింది" అనే దాకా వచ్చారు.

దెబ్బలు దాచడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రొఫెషనల్ ఆటగాడు ఫిజియోకి అన్నీ చెబుతాడని అనుకునేవాణ్ని. చెప్పరు. తొడ వెనక కండరం పట్టేసిందని ఫారంలో రాస్తే రేపటి మ్యాచ్‌లో చోటు పోవచ్చు, వచ్చే ఏడాది కాంట్రాక్టు పోవచ్చు. అందుకని నొప్పి అంకె తగ్గించి రాస్తారు. మా కుర్రాళ్ళూ దాస్తారు, వేరే కారణానికి. ఇంట్లో తెలిస్తే ఆట మాన్పించేస్తారు. అమ్మాయిల జట్టు మొదలుపెట్టినప్పుడు ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది, "మొహమ్మీద దెబ్బ తగిల్తే రేపు సంబంధాలొచ్చినప్పుడు మీరొచ్చి చెప్తారేటి బాబూ?" అని. ఆవిడకి జవాబు చెప్పడం ఏ హెడ్ కోచ్‌కీ తెలియదు. నేను వచ్చి ఒక వారం ప్రాక్టీసు చూడమన్నాను. వచ్చింది. ఇప్పుడు నీళ్ళ క్యాన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది.

తిరిగి వచ్చాక ముంబై నుంచి ఏం తెచ్చుకున్నావంటే, జీపీఎస్ తేలేదు, ఐస్ బాత్ తేలేదు. ఫారంలో ఒక్క ప్రశ్న తెచ్చుకున్నాను. ప్రతి రాత్రీ గ్రూపులో అడుగుతాను: ఎంతసేపు పడుకున్నారు, రేపు ఏ షిఫ్టు? సగంమంది ఎమోజీతో జవాబిస్తారు. కళ్ళు మూసుకున్న బొమ్మంటే నిద్ర సరిపోయిందని, దెయ్యం బొమ్మంటే సి షిఫ్టని మాలో మాకు లెక్క. దీనివల్ల ఒక విషయం తేటతెల్లమైంది. రగ్బీలో బ్రాంకో అనే ఫిట్‌నెస్ టెస్ట్ ఉంది. 20, 40, 60 మీటర్లు వెళ్ళి రావడం, అలా అయిదుసార్లు, మొత్తం 1,200 మీటర్లు. ముంబైలో బ్రాంకో టైమ్ ఆటగాడి దమ్ము చెబుతుంది. విశాఖలో అదే టైమ్ ఆటగాడి డ్యూటీ చెబుతుంది. ఒకే కుర్రాడు 'ఎ' షిఫ్టు వారంలో జింకలా పరుగెడతాడు, సి షిఫ్టు వారంలో మూడో రౌండ్‌కే నడుం పట్టుకుంటాడు. వాణ్ని ఇంకా పరుగెత్తించడం వల్ల ప్రయోజనం లేదు. అందుకని సి షిఫ్టు నుంచి వచ్చినవాడికి నా దగ్గర పరుగు లేదు, ట్యాకిల్ లేదు. పాస్‌లు, కిక్‌లు, మాటలు. నిద్రలేని కళ్ళతో ట్యాకిల్‌కి వెళ్ళేవాడే తల తప్పు వైపు పెడతాడు.

రెండోది స్టాప్‌వాచ్. ఫుల్ కాంటాక్ట్‌కి టైమ్ పెట్టాను. కుర్రాళ్ళు గోల చేశారు. సరదా అదేనంటారు, నిజమే, ఊరికే వచ్చేవాడు సరదా కోసమే వస్తాడు. పావుగంట అని గట్టిగా పట్టుకుంటే జట్టే ఉండదు. అందుకని బేరం కుదిరింది. ఇసుకలో మోకాళ్ళమీద నిలబడి చేసే ట్యాకిల్‌కి లెక్క లేదు, కావలసినంత చేసుకోవచ్చు. పచ్చికమీద పరుగెత్తుకొచ్చి చేసేదానికి మాత్రం గడియారం. ఇసుకలో చేసేటప్పుడు అందరిలో నేను చూసేది ఒకటే, చెంప ఎక్కడుంది? ట్యాకిల్ చేసేవాడి చెంప ఎదుటివాడి పిరుదుకు ఆనుకుని, తల వాడి వెనకవైపు ఉండాలి. ముందువైపు ఉంటే మోకాలికి అడ్డం పడ్డట్టే.

ఆ అడ్డం పడడమే ఒక ఆదివారం జరిగింది. పచ్చికమీద ప్రాక్టీసు మ్యాచ్. మా వింగర్, పరవాడలో కంట్రాక్టరు కింద స్కాఫోల్డింగ్ పని చేసే కుర్రాడు, ట్రై చేసి వచ్చిన కాసేపటికే ట్యాకిల్‌కి వెళ్ళాడు. మోకాలు కణతకు తగిలింది. లేచాడు, కానీ లేవడంలో తడబాటు. దగ్గరికి వెళ్ళి అడగాల్సినవి అడిగాను. మనం ఎక్కడున్నాం? చెప్పాడు. ఇది ఎన్నో హాఫ్? చెప్పాడు. పోయినసారి ఎవరితో ఆడాం? చెప్పాడు. ఇందాక ట్రై ఎవరు చేశారు?

చాలాసేపు ఆలోచించి, పక్కవాడి పేరు చెప్పాడు.

చేసింది తనే. అంతే, ఆ రోజుకి వాడి ఆట అయిపోయింది. టీవీలో చూసే పెద్ద మ్యాచ్‌లలో తలకు దెబ్బ తగిలితే డాక్టరు లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేసి, బాగుంటే మళ్ళీ పంపుతాడు. ఆ సదుపాయం అమెచ్యూర్ ఆటకు లేదు, ఉండకూడదు కూడా. అనుమానం వస్తే చాలు, బయటికి, మళ్ళీ లోపలికి రావడం లేదు. మ్యాచ్ ఆడాలంటే తక్కువలో తక్కువ 21 రోజులు ఆగాలి. ఇదంతా వరల్డ్ రగ్బీ సైట్‌లో ఉచితంగా దొరికే ఆన్‌లైన్ కోర్సులోనే ఉంటుంది, కోచ్‌లే కాదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. కేజీహెచ్ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. స్కాన్‌లో ఏం లేదన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు.

ప్రొఫెషనల్ జట్టులో అయితే కథ ఇక్కడితో ముగుస్తుంది. ఫిజియో చూసుకుంటాడు, జీతం వస్తూనే ఉంటుంది, ఇంకొకడు ఆడతాడు. మా వాడికి ఆ రాత్రి డ్యూటీ ఉంది. ఎత్తుమీద పైపులు బిగించే పని. కళ్ళు తిరిగితే అక్కడ రిఫరీ ఉండడు. "ఎల్లకపోతే కూలి పోద్ది సార్, నాకేం కాలేదు" అంటాడు. వాడితో కలిసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచిగానే విన్నాడు. "సెలవు ఇస్తాను సార్, కూలి మాత్రం ఇవ్వలేను, రూలు లేదు" అన్నాడు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు జబ్బు సెలవులో 70 శాతం కూలి వస్తుంది, కానీ దానికి ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. మా వాడు అక్కడ చేరి అంత కాలం కాలేదు. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా మేం అందరిచేతా చేయించాం. అది ప్రమాదంలో ప్రాణం పోయినా, కాలో చెయ్యో శాశ్వతంగా పోయినా ఇచ్చేది. మూడు వారాల కూలికి అందులో ఏమీ రాదు.

రగ్బీ చరిత్రలో అన్నిటికంటే పెద్ద తగవు సరిగ్గా దీనిమీదే జరిగింది. ఇంగ్లండ్ ఉత్తరాదిలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఆడేవారు. మ్యాచ్ కోసం పని మానితే కూలి పోయేది. ఆ పోయిన కూలికి బదులు రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వనివ్వండని వాళ్ళ క్లబ్బులు అడిగాయి. ఆట ఆడినందుకు జీతం కాదు, ఆటవల్ల పోయిన జీతం. ఆటను నడిపే లండన్ పెద్దమనుషులు కుదరదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్‌లో ఆ క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అనే వేరే ఆట అయింది. మేం ఆడే రగ్బీ యూనియన్‌లో బహిరంగంగా డబ్బులు తీసుకోవచ్చని ఒప్పుకోవడానికి ఇంకో వందేళ్ళు పట్టింది, 1995 ఆగస్టు. నేను ఇదంతా కుర్రాళ్ళకు చెబుతుంటే మా గాజువాక కుర్రాడు మధ్యలో ఆపి, "అయితే మనం ఎంతెంత ఎయ్యాలి మాస్టారూ?" అన్నాడు.

అలా మొదలైంది మా షిఫ్టు ఫండ్. ఉద్యోగం ఉన్నవాళ్ళు నెలకు వంద, చదువుకునేవాళ్ళు ఇవ్వగలిగినంత. డబ్బు నా దగ్గర పెట్టలేదు. కోచ్ దగ్గర డబ్బుంటే జట్టులో చోటు గురించి రకరకాల అనుమానాలు పుడతాయి. నీళ్ళ క్యాన్ తల్లి దగ్గర పెట్టారు. డ్వాక్రా సంఘం లెక్కలు చూసిన మనిషి, నోటుబుక్కులో గీత తప్పదు. ఎవరికి ఇవ్వాలన్నదానికి ఒకటే షరతు. ప్రాక్టీసులోగానీ మ్యాచ్‌లోగానీ దెబ్బ తగిలిన రోజునే చెప్పి ఉండాలి, దాచి తర్వాత చెబితే లేదు. పూర్తి కూలి ఇచ్చే స్తోమత లేదు, సగం ఇస్తాం. స్కాఫోల్డింగ్ కుర్రాడికి మొదటి నెల సగం కూడా సరిపోలేదు, నేనూ ఇంకో ఇద్దరూ పైన వేశాం. అయినా ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు వేలు బెణికినా గ్రూపులో ఫొటో పెడుతున్నారు. ముంబైలో లాప్‌టాప్‌లూ ఫిజియోలూ ఉండి కూడా రాబట్టలేకపోయిన సమాచారం అది. చెప్పినందుకు అక్కడ చోటు పోతుంది, ఇక్కడ డబ్బు వస్తుంది.

ఇవన్నీ చూశాక నాకు తేడా ఆట స్థాయిలో కనిపించడం లేదు. ప్రొఫెషనల్ తన ఒళ్ళూ టైమూ అమ్మాడు, కొన్నవాడికి దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం ఉంది. మా వాడు ఊరికే తెచ్చి నా ముందు పెడుతున్నాడు. ఊరికే వచ్చినదాన్ని ఖర్చు పెట్టేయడం చాలా తేలిక, ప్రాక్టీసు ప్లాన్ రాసేటప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోవాల్సి వస్తోంది.

ఈ మధ్య పెదజాలరిపేట కుర్రాడు ఒకడికి ప్రొఫెషనల్ జట్టు సెలెక్షన్ ట్రయల్‌కి రమ్మని కబురొచ్చింది. వీడి సైడ్ స్టెప్ చూస్తే ఎవరైనా పిలుస్తారు. అందరం ఎగిరి గంతేశాం. వాడు మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి, "సెలెక్ట్ అయితే ఎన్నాళ్ళు జీతం ఇస్తారు సార్?" అన్నాడు. సీజన్‌కి అన్నాను. "జూన్ 15కి నేను బోటెక్కకపోతే సరంగు నా చోట్లో ఇంకో కళాసీని పెట్టీసుకుంటాడు. మళ్ళీ చోటు దొరకాలంటే వచ్చే యేడే" అన్నాడు.

ఇది ట్యాకిల్ టెక్నిక్‌తో తేలేది కాదు. ఇద్దరం కలిసి హార్బర్‌కి వెళ్ళాం. బోటు నడిపే ఆ సరంగు వల బాగుచేసుకుంటూనే అంతా విన్నాడు. తన మేనల్లుణ్ని ఆ నెలరోజులకీ పెట్టుకుంటానని, తిరిగొచ్చాక చోటు చోటేనని అన్నాడు. ఒక షరతు పెట్టాడు, కుడి భుజం విరగ్గొట్టుకుని రాకూడదు, వల లాగేది దానితోనే. ట్రయల్‌కి ఇంకా టైమ్ ఉంది. ఈ వారం నుంచి వాడికి పచ్చికమీద ట్యాకిల్ ఎడమ భుజంతోనే నేర్పుతున్నాను. కుడివాటం మనిషి కదా, ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడు.